మాటలు రావట్లేదని వెళ్తే ముందు చెవులు చూశారు: పిల్లల వినికిడి, స్పీచ్ థెరపీ సెంటర్ రివ్యూ

5కి 4 స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో చివర్లో రాస్తాను, ముందు మిగతా నాలుగు ఎందుకిచ్చానో చెప్పనివ్వండి, కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక లేనివాళ్ళు సౌండ్ రూమ్ గురించి రాసిన భాగం ఒక్కటి చదివి వెళ్ళిపోవచ్చు. సెంటర్ పేరు రాయడం లేదు. రెండు మూడు చోట్ల గట్టిగానే తిట్టాను, అక్కడ పనిచేసేవాళ్ళంతా చిన్నవాళ్ళు, నా వల్ల ఎవరి ఉద్యోగానికీ ఎసరు రాకూడదు.

మేం వెళ్ళినప్పుడు మా వాడికి 20 నెలలు. మాటలు వేళ్ళ మీద లెక్కపెడితే ఒక చెయ్యి చాలు. అమ్మ, తాతకి "తా", బంతికి "బా", వద్దంటే "ఊఁహూఁ" (దీన్ని కూడా మాటల్లో కలిపేసుకున్నాం, ఆశ అలాంటిది), కారు కనిపిస్తే "బుర్". ఇంట్లో తలా ఒక వైద్యం. "మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారమ్మా, మీ ఆయన మూడేళ్ళు నిండేదాకా నోరు విప్పలేదు, ఇప్పుడు ఆగమన్నా ఆగుతున్నాడా" అని అత్తయ్య. నాలుక కింద తీగ ఉందేమో చూపించమని మా అమ్మ. ఇంట్లో రెండు భాషలు కలిపి కొడుతున్నాం కాబట్టి పిల్లాడు కన్ఫ్యూజ్ అయ్యాడని మా ఆయన. చెవుల మాట మాత్రం ఎవరి నోటా రాలేదు, ఎందుకంటే చెవుల సంగతి మేం ఇంట్లోనే తేల్చేసుకున్నాం. వెనక నుంచి పిల్లిలా వెళ్ళి పళ్ళెం మీద చెంచాతో కొడితే గిర్రున తిరిగాడు. తలుపు దబ్బున పడితే ఉలిక్కిపడి ఏడుస్తాడు. పైగా పుట్టిన రెండో రోజే ఆస్పత్రిలో చెవి పరీక్ష చేసి "పాస్" అని రాసిచ్చిన కాగితం ఫైల్లో భద్రంగా ఉంది. ఇంకేం అనుమానం?

అందుకని స్పీచ్ థెరపీ కోసమే ఫోన్ చేశాను. రిసెప్షన్లో అమ్మాయి "ముందు హియరింగ్ టెస్ట్ మేడమ్, ఆ రిపోర్ట్ లేకుండా స్పీచ్ వాళ్ళు పిల్లల్ని చూడరు" అంది. బిల్లు పెంచడానికి ఇదో ఎత్తు అనుకుని కాస్త దురుసుగానే మాట్లాడాను. ఇప్పుడు చెప్తున్నాను, ఆ అమ్మాయికి నేను సారీ చెప్పాల్సి ఉంది, మొదటి స్టార్ ఆ ఒక్క రూల్‌కే. మాటలు రాని పిల్లాడిని తీసుకెళ్తే చెవులు చూడకుండా నేరుగా థెరపీ మొదలుపెట్టే చోటు ఉంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

లోపల ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షలు చేసే ఆవిడ) ముందు అడిగింది మాటల గురించి కాదు, జలుబుల గురించి. ఎన్నిసార్లు వచ్చింది, నోరు తెరిచి పడుకుంటాడా, గురక పెడతాడా, చెవి లాక్కుంటాడా. ఆ తర్వాత మా పాస్ కాగితం చూసి నవ్వి, "ఇది అబద్ధం కాదండీ, కానీ ఇది ఆ రోజు సంగతి" అంది. ఆ పరీక్ష పేరు ఓఏఈ. నాకు చాలా ముచ్చటేసిన విషయం ఏంటంటే, లోపలిచెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది కదా, ఆరోగ్యంగా ఉంటే అది శబ్దం వినడమే కాదు, తిరిగి తనూ చిన్న శబ్దం చేస్తుందట. పసిపాప చెవిలో చిన్న మెత్తటి ప్రోబ్ పెట్టి టిక్ టిక్ అని వినిపిస్తే, లోపలి నుంచి వచ్చే ఆ ప్రతిశబ్దాన్ని అదే ప్రోబ్‌లోని మైక్ పట్టుకుంటుంది. ఇలా ఉంటుందని 1978లో డేవిడ్ కెంప్ అనే ఆయన కనిపెట్టాడు, అప్పటిదాకా చెవి శబ్దం చేస్తుందంటే నమ్మినవాళ్ళు తక్కువ. బిడ్డ నిద్రపోతుంటే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, నొప్పేమీ ఉండదు.

పాస్ అంటే ఆ రోజుకి చెవి ఆ మేరకు పనిచేస్తోందని. ఏడాది తర్వాత చెవిలో నీరు చేరదని కాదు, పెరిగే కొద్దీ బయటపడే వంశపారంపర్య లోపాలు ఉండవనీ కాదు. అలాగే పాస్ బదులు "రెఫర్", అంటే మళ్ళీ చూపించమని వస్తే చెవుడు అని కాదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవి దారిలో పుట్టుకతో వచ్చిన తెల్లటి మడ్డి, నీరు అడ్డుపడితే కూడా రెఫర్ వస్తుంది, చాలామంది రెండోసారి పాస్ అవుతారు. అలాగని ఆ రెండోసారి మానేసేవాళ్ళు ఎక్కువ, అదే ప్రమాదం. రెండోసారీ పాస్ కాకపోతే బెరా అనే పరీక్ష చేస్తారు, నుదుటి మీద, చెవుల వెనక చిన్న స్టిక్కర్లు అంటించి, శబ్దం నరం గుండా మెదడు కాండం దాకా చేరుతోందా అని చూస్తారు. కొందరు పిల్లల్లో ఓఏఈ బాగానే వచ్చినా నరంలో తేడా ఉంటుంది, అది ఓఏఈకి దొరకదు, బెరాకే దొరుకుతుంది. నెలలు నిండక పుట్టి ఐసీయూలో 5 రోజులకి మించి ఉన్న పిల్లలకి మొదటి పరీక్షే బెరా పద్ధతిలో చేయమనేది అందుకే. వాళ్ళకీ, కామెర్లు ముదిరి రక్తం మార్చాల్సి వచ్చినవాళ్ళకీ, ఇంట్లో చిన్నప్పటినుంచీ చెవుడు ఉన్నవాళ్ళు ఉంటేనూ, పాస్ అయినా సరే 9 నెలలకల్లా మళ్ళీ పూర్తి పరీక్ష చేయించాలి. మెదడువాపు లాంటిది, అంటే మెనింజైటిస్ వచ్చి తగ్గితే అంతకాలం కూడా ఆగకూడదు, వెంటనే.

వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో ఐదు నెలల పాప, రెండు చెవులకీ గోరంత హియరింగ్ ఎయిడ్లు, ఊడిపోకుండా దారం కట్టి చొక్కాకి క్లిప్పు పెట్టారు. నా మొహంలో జాలి కనిపించినట్టుంది, "అయ్యో అనకండి, ఇవి పెట్టాకే నా గొంతు విని నవ్వడం మొదలెట్టింది" అంది ఆవిడ, నేను సిగ్గుపడ్డాను. పుట్టుకతో వచ్చే శాశ్వత వినికిడి లోపం ప్రతి 1000 మందిలో ఒకరి నుంచి ముగ్గురికి ఉంటుంది, కొన్ని వారాల పసికందుకి కూడా మెషీన్ పెట్టొచ్చు. నెలలోపు స్క్రీనింగ్, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స అని ఒక లెక్క ఉంది, 1-3-6 అంటారు. ఆ ఆరు నెలలు ఊరికే పెట్టిన గీత కాదు, ఆరు నెలల్లోపు గుర్తించిన పిల్లలకీ, ఆ తర్వాత గుర్తించినవాళ్ళకీ భాషలో స్పష్టమైన తేడా ఉందని 1998లోనే ఒక పెద్ద అధ్యయనం చూపించింది.

ఇక మా వాడి సంగతి. ముందు టింపనోమెట్రీ. చెవిలో మెత్తటి బిరడాలాంటిది పెట్టి గాలి ఒత్తిడి కొంచెం పెంచీ తగ్గించీ చూస్తారు, చెవిపొర కదిలితే స్క్రీన్ మీద కొండలాంటి గీత వస్తుంది. మా వాడికి రెండు చెవులకీ బల్లపరుపు గీత. ఆడియాలజిస్ట్ ఏమీ అనలేదు, నాకే అర్థమైంది కొండ రావాల్సిన చోట రాలేదని.

తర్వాత సౌండ్ రూమ్. మందపాటి రెండు తలుపులు మూసేసరికి చెవులు బిగుసుకుపోయినట్టయింది, నా ఊపిరి నాకే వినిపిస్తోంది. వాడు నా ఒళ్ళో. ఎదురుగా చిన్న బల్ల, బల్ల అవతల ఒకమ్మాయి చప్పుడు చెయ్యని చెక్క పుల్లలు ఒక్కొక్కటే పలకలో గుచ్చుతూ వాడి చూపుని ముందుకే పట్టి ఉంచుతోంది. అద్దం అవతల ఇంకొకావిడ మెషీన్ దగ్గర. కుడిపక్కన స్పీకరు, దాని మీద నల్లటి అద్దం పెట్టె. శబ్దం వస్తుంది, వాడు తల తిప్పితే పెట్టెలో లైటు వెలిగి లోపల కోతిబొమ్మ డప్పు కొడుతుంది. రెండుసార్లు పెద్ద శబ్దంతో నేర్పించారు, మూడోసారికే వాడికి ఆట అర్థమైపోయింది, శబ్దం రాగానే మెడ తిప్పి కోతి కోసం చూస్తున్నాడు. ఆరు నెలలు దాటిన పిల్లల నుంచి రెండు, రెండున్నరేళ్ళ వరకూ ఇలాగే చేస్తారట, చెయ్యెత్తమంటే ఎత్తే వయసు కాదు కదా. నన్ను కదలొద్దు, బిగుసుకోవద్దు, శబ్దం వైపు చూడొద్దు అని ముందే చెప్పారు, తల్లి ఒళ్ళు బిగిసినా పిల్లలు పసిగట్టేస్తారు.

శబ్దం తగ్గిస్తూ వచ్చారు. ఈల వణికినట్టుండే శబ్దం. తిరిగాడు, కోతి డప్పు కొట్టింది. ఇంకా తగ్గించారు. నాకు స్పష్టంగా వినిపించింది. వాడు పుల్ల చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు. మళ్ళీ వచ్చింది, ఇంకోసారి వచ్చింది, కోతి చీకట్లోనే ఉంది. చెవుడు అని ఎవరూ అనలేదు, ఏడవాల్సినంత విషయమూ కాదని తర్వాత తెలిసింది, కానీ ఆ పది సెకన్లు నేను కదలకుండా కూర్చోవడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

వాడికి వినిపించడం 35, 40 డెసిబెల్స్ దగ్గర మొదలవుతోంది. పిల్లలకి 15 లోపు ఉండాలి. గుసగుస 30 దగ్గర ఉంటుంది, మామూలుగా ఒక మీటరు దూరంలో మాట్లాడుకుంటే 60. అంటే ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఏదో వినిపిస్తోంది, కానీ మసగ్గా. "రెండు చెవుల్లో వేళ్ళు గట్టిగా పెట్టుకుని నేను మాట్లాడేది వినండి" అంది ఆడియాలజిస్ట్. పెట్టుకున్నాను. "ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టు" అన్నట్టుంది, నాకు "ఆ", "లో", ఇంకేదో గొణుగుడు వినిపించాయి. "దాదాపు ఇలాగే వింటున్నాడు. మీకు భాష ముందే వచ్చు కాబట్టి మిగతాది ఊహించుకోగలరు. వాడు ఏ భాష రాకుండా దీంట్లోంచి భాష ఏరుకోవాలి."

ఈ ఒక్క ముక్క నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. చప్పుడు వినపడటం వేరు, మాట వినపడటం వేరు. పళ్ళెం మీద చెంచా దెబ్బ 80 దాటి ఉంటుంది, దానికి తిరిగాడని చంకలు గుద్దుకున్నాం. మాటలో అచ్చులు బలంగా, లోతుగా ఉంటాయి, "ఆ", "ఊ" దూరం నుంచి కూడా అందుతాయి. స, ష, ఫ లాంటివి సన్నగా, పై స్థాయిలో, గాలిలాగా పోతాయి. మాటని మాటగా విడగొట్టేవి ఎక్కువగా ఇవే. అందుకే మా వాడి మాటలన్నీ మ, త, బ, ఒక అచ్చు.

కారణం చెవిపొర వెనక నీరు. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, పిల్లల్లో అది పొట్టిగా, ఏటవాలు లేకుండా అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేసినప్పుడల్లా మూసుకుని లోపల జిగురు నిలిచిపోతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, చీము కారదు, అందుకే ఎవరికీ తెలీదు. ఒకరోజు బాగా వింటాడు, ఇంకోరోజు పిలిస్తే పలకడు, మనం "మొండి" అంటాం. నేను అన్నాను.

ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపారు. ఆయన చెవిలోకి చూసి, నీరు ఉంది, చాలామందికి దానంతటదే పోతుంది, మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేద్దాం అన్నారు. మందు? అక్కర్లేదు, యాంటీబయాటిక్స్, జలుబు మందులు దీనికి పెద్దగా పనిచెయ్యవు. పోకపోతే అప్పుడు చెవిపొరలో గ్రోమెట్ అని చిన్న గొట్టం పెట్టడం గురించి ఆలోచిద్దాం. అంత హడావుడి పడి వెళ్తే చేతిలో మందుచీటీ లేకుండా బయటికి రావడం మా ఆయనకి అస్సలు మింగుడుపడలేదు, ఇంకో డాక్టర్‌కి చూపిద్దాం అని రెండు రోజులు గొడవ. ఆ డాక్టర్ చెప్పిందే సరైనదని ఇప్పుడు ఒప్పుకుంటాడు, పైకి మాత్రం ఒప్పుకోడు.

ఇక తిట్లు. మొదటిది, అపాయింట్‌మెంట్. మధ్యాహ్నం వాడు పడుకునే టైముకి ఇచ్చారు, అదీ గంటన్నర లేటు. బెరా అయితే నిద్రపోవాలి కాబట్టి నిద్ర టైము మంచిదే, కానీ కోతి ఆటకి పిల్లాడు మెలకువగా, హుషారుగా ఉండాలి. ఈ తేడా రిసెప్షన్ వాళ్ళకి తెలియాలి కదా? బుక్ చేసుకునేటప్పుడే ఏ పరీక్ష, నిద్ర కావాలా మెలకువ కావాలా అని అడగండి.

రెండోది అసలైనది. వాడు చెవిలో పెట్టే చిన్న ఇయర్‌ఫోన్లు పీకేశాడని స్పీకర్‌తోనే పరీక్ష చేశారు. స్పీకర్ శబ్దం రెండు చెవులకీ కలిపి వెళ్తుంది, కాబట్టి వచ్చిన ఫలితం మెరుగ్గా ఉన్న చెవిది. రెండో చెవి అంతకన్నా ఎంత తక్కువో తెలీదు. ఈ విషయం ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, రిపోర్ట్ నిండా పొట్టి అక్షరాలు, దాని అర్థం నేను ఇంటికొచ్చాక కూర్చుని వెతుక్కోవాల్సి వచ్చింది. రెండోసారి వెళ్ళినప్పుడు "రెండు చెవులూ విడివిడిగా చేశారా" అని అడిగితే అప్పుడు ఓపిగ్గా ఇయర్‌ఫోన్ పెట్టి చేశారు. మీరు కూడా ఇదే ప్రశ్న అడగండి, ఈ రివ్యూలో ఇంకేం గుర్తుండకపోయినా పర్లేదు.

స్పీచ్ థెరపీ. మొదట ఇచ్చిన థెరపిస్ట్‌తో మాకు కుదరలేదు. బొమ్మల కార్డులు ఒక్కొక్కటీ మొహం ముందు పెట్టి "ఇదేంటి? చెప్పు. చెప్పు నాన్నా. కుక్క. చెప్పు, కుక్క". వాడు మూడో కార్డుకే బల్ల కిందకి దూరాడు. నన్ను బయట కూర్చోమన్నారు. నాలుగు క్లాసులయ్యాక, పైగా పాతిక క్లాసుల ప్యాకేజీ ఒకేసారి కట్టమని రిసెప్షన్ వాళ్ళు వెంటపడుతుంటే, మార్చమని అడిగాను. మొహమాటపడ్డాను కానీ అడిగాను. మార్చారు, ఏమీ అనుకోలేదు, ఆ విషయంలో మెచ్చుకోవాలి.

రెండో ఆవిడ నన్ను లోపలికి రమ్మంది. "వారానికి ఒక గంట నా దగ్గర ఉంటాడు, మిగతా గంటలన్నీ మీ దగ్గరే, నేర్చుకోవాల్సింది మీరు" అంది. మొదటిరోజు పిల్లాడితో నేను ఆడుకుంటుంటే ఐదు నిమిషాలు నా ఫోన్లోనే వీడియో తీసి నాకే చూపించింది. ఆ ఐదు నిమిషాల్లో నేను ముప్పైకి పైగా ప్రశ్నలడిగాను. ఇదేంటి, ఇది ఏ రంగు, కారు ఎక్కడుంది, నాన్న ఏడీ. ఏ ప్రశ్నకీ రెండు సెకన్లు కూడా ఆగలేదు. పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టినట్టుంది పిల్లాడి పరిస్థితి.

తర్వాత ఆవిడ చేసింది చూడాలి. సబ్బు బుడగల సీసా తీసి రెండుసార్లు ఊదింది. "బుడగ! బుడగ పోయింది!" మూత బిగించి వాడి చేతికిచ్చింది. అంతే, ఇక మాట్లాడలేదు. వాడి కళ్ళ ఎత్తుకి వంగి, కనుబొమలు ఎత్తి, నవ్వుతూ చూస్తూ కూర్చుంది. వాడు మూత తిప్పాడు, రాలేదు. సీసా బల్ల మీద కొట్టాడు. నావైపు చూశాడు, నేను చెయ్యి చాపబోతే ఆవిడ కళ్ళతోనే ఆపింది. నేను మనసులో లెక్కపెడుతున్నాను, ఎనిమిది, తొమ్మిది. వాడు సీసా ఆవిడ చేతిలో పెట్టి "బు" అన్నాడు. "బుడగ! బుడగ కావాలి!" అని వెంటనే ఊదేసింది. చెప్పు అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ రోజు "బు" ఇంకో ఆరేడుసార్లు అన్నాడు.

ఆవిడ ఇచ్చిన హోంవర్కు తేలికే, చెయ్యడమే కష్టం. మాట్లాడేముందు టీవీ కట్టెయ్యాలి. వంటింట్లోంచి కేక వెయ్యకుండా దగ్గరికెళ్ళి మొహంలో మొహం పెట్టి మాట్లాడాలి, దూరం రెట్టింపయినప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, చెవిలో నీరున్న పిల్లాడికి అది మాటంతా పోయినట్టే. ప్రశ్న బదులు వాడు చేసేదాన్ని చెప్పాలి: "కారు పోతోంది, కారు ఆగింది". వాడు ఒక మాటంటే దానికి ఇంకోటి కలిపి తిరిగివ్వాలి, "బా" అంటే "బంతి పడింది". ఇంకో మాట కూడా చెప్పింది, నాకు భలే నచ్చింది. మేం నేర్పినవన్నీ పేర్లే, కుక్క, బంతి, కారు, చెట్టు. పేరుకి పేరు కలిపితే వాక్యం అవదు, "ఇవ్వు, రా, పడింది, అయిపోయింది, ఇంకా" ఉండాలి, లేకపోతే రెండు మాటలు ఎలా కలుపుతాడు?

ఇంట్లో చెక్ చేసుకోవడానికి ఆరు శబ్దాల పరీక్ష నేర్పించారు, డేనియల్ లింగ్ అనే ఆయన పెట్టింది. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. మాటలో కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా ఉన్న శబ్దాలన్నిటికీ ఈ ఆరూ నమూనాలు. నోరు కనిపించకుండా కాగితం అడ్డంపెట్టుకుని, మామూలు గొంతుతో, వరసలో కాకుండా, మధ్యమధ్యలో ఆగుతూ అనాలి. హియరింగ్ ఎయిడ్ ఉన్న పిల్లలకి రోజూ పొద్దున్నే చేస్తారు. మా వాడు ఆ, ఊకి తిరిగేవాడు. రెండు మీటర్ల దూరం నుంచి "స్" అంటే మొదటి రెండు నెలలూ ఒక్కసారీ తిరగలేదు.

ఇదే టైములో కొన్న రెండు వస్తువుల గురించి కూడా ఇక్కడే కానిచ్చేస్తాను. బటన్ నొక్కితే జంతువుల పేర్లు చెప్పే బొమ్మ: ఒక స్టార్, అదీ బ్యాటరీ తీసేశాక. బ్యాటరీ ఉన్నంతసేపూ అది మాట్లాడుతుంది, పిల్లాడు నొక్కుతాడు, మనం నోరు మూసుకుని చూస్తాం. 2016లో ఒక అధ్యయనం చదివాను, 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 కుటుంబాల్లో చూస్తే, కరెంటు బొమ్మలతో ఆడేటప్పుడు తల్లిదండ్రులు తక్కువ మాట్లాడారు, పుస్తకాలు చూపించేటప్పుడు ఎక్కువ మాట్లాడారు. మా ఇంట్లో సరిగ్గా అదే. పైగా ఇలాంటి బొమ్మల్ని పిల్లలు చెవికి ఆనించుకుంటారు, ఆ శబ్దం వేరే సమస్య. రెండోది ఫోన్లో మాటలు నేర్పే యాప్, దానికి స్టార్లే లేవు. రెండేళ్ళలోపు పిల్లాడు "బు" అంటే ఆగి, చూసి, ఊదే యాప్ ఇంకా ఎవరూ తయారుచెయ్యలేదు. రెండేళ్ళకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దు, అంతకన్నా చిన్నవాళ్ళకి అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, మేం ఎప్పుడో దాటేశాం, దాచడం ఎందుకు.

మా ఇంటి వైద్యాల సంగతి కూడా అడిగి తెలుసుకున్నాను. ఆడపిల్లలు సగటున కాస్త ముందు మాట్లాడే మాట నిజమే, కానీ తేడా ఒకటి రెండు నెలలు, ఏడాదిన్నర కాదు. నాలుక కింద తీగ వల్ల పాలు తాగడం ఇబ్బందవ్వొచ్చు, కొన్ని అక్షరాలు పలకడం తేడా రావొచ్చు, మాటలు మొదలవ్వకపోవడానికి అది కారణం కాదు. రెండు భాషల వల్ల ఆలస్యం అవదు, రెండింటి మాటలూ కలిపి లెక్కపెట్టాలి అంతే. మరి ఎప్పుడు కంగారు పడాలి అంటే, ఏడాదికి "బబబ, దదద" లాంటి ముద్దుపలుకులు లేకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, 16 నెలలకి ఒక్క మాట లేకపోతే, రెండేళ్ళకి సొంతంగా రెండు మాటలు కలపకపోతే, ఏ వయసులోనైనా వచ్చిన మాట పోతే, ఆగకుండా వెళ్ళాలి. ఇందులో మోసపోయే చోటు ఒకటుంది. వినపడని పిల్లలు కూడా రెండు మూడు నెలలకి "ఊఁ, ఆఁ" అని కూస్తారు, కాబట్టి ఆ కూతలు విని చెవులు బాగున్నాయనుకోకూడదు. తేడా తెలిసేది ఆరు నెలల తర్వాత, "బబబ" రావాల్సిన చోట.

ఈ గొడవలో చదివినవాటిలో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇంకోటి. మనకి త, ట వేరువేరు. ఇంగ్లిష్ వాళ్ళకి ఆ తేడా పట్టుకోవడం కష్టం. కానీ ఇంగ్లిష్ ఇళ్ళల్లో పుట్టిన ఆరేడు నెలల పిల్లలు హిందీ త, టల తేడా చక్కగా పట్టుకుంటారని, ఏడాది వచ్చేసరికి అది పోతుందని 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు తేల్చారు. ఎలా పరీక్షించారనుకున్నారు? శబ్దం మారినప్పుడు తల తిప్పితే పెట్టెలో బొమ్మ వెలుగుతుంది. మా కోతి చుట్టమే. అంటే ఒక్క మాట పలకకముందే పిల్లలు ఏ శబ్దాలు తమవో ఏరి పెట్టుకుంటున్నారు, ఆ ఏరుకునే నెలల్లోనే మా వాడికి మూడు జలుబులు.

మూడు నెలల తర్వాత పరీక్షలో ఎడమ చెవిలో కొండ వచ్చింది, చిన్నదే అయినా కొండే. కుడిది బల్లపరుపే. ఇంకో రెండు నెలలు ఆగాం, ఈసారి మా ఆయన గొడవ చెయ్యలేదు. అప్పటికి రెండో కొండ కూడా వచ్చింది, గ్రోమెట్ అవసరం పడలేదు. వాడికిప్పుడు 27 నెలలు. వసపిట్టేమీ అయిపోలేదు, ఒకరోజు కూర్చుని రాస్తే 80 దాకా మాటలు తేలాయి, "బంతి పడింది", "నాన్న రా" లాంటివి కలుపుతున్నాడు, స పలకాల్సిన చోట త పలుకుతాడు, అది ఈ వయసుకి మామూలేనట. ఇందులో నీరు పోవడం వల్ల ఎంత, థెరపీ వల్ల ఎంత, వయసు వల్ల ఎంత అని నన్నడగొద్దు. ఒక రోజు సోఫా వెనక నుంచి కాగితం అడ్డంపెట్టుకుని "స్" అన్నాను, బొమ్మ వదిలేసి తిరిగాడు, నేను ఇంకోసారి అన్నాను, విసుక్కున్నాడు.

కోసిన స్టార్ దేనికంటే, టీవీకి. వినికిడి సెంటరు, గోడ నిండా "పిల్లల చెవులు కాపాడండి" పోస్టర్లు, వెయిటింగ్ హాల్లో మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా కార్టూన్ ఫుల్ వాల్యూమ్. లోపల "టీవీ కట్టేసి మాట్లాడండి" అని నేర్పి బయటికి పంపుతారు, అక్కడ పక్క కుర్చీలో ఉన్న మనిషి మాట వినపడదు. మెషీన్లు పెట్టుకున్న పిల్లలకి ఆ గోలలో మాట ఏరుకోవడం ఎంత కష్టమో వాళ్ళకి నేను చెప్పాలా? రెండుసార్లు కంప్లయింట్ బుక్‌లో రాశాను. కిందటి వారం వెళ్తే, ఇన్నాళ్ళూ దాని ముందే హాయిగా కూర్చున్న మా వాడు రెండు చెవులూ మూసుకుని "అమ్మా, పోదాం" అన్నాడు. మూడోసారి కూడా రాశాను. నా చేతిలోంచి పెన్ను లాక్కుని కింద వాడూ నాలుగు గీతలు గీశాడు, ఆ పేజీ ఒకసారి తిరగేసి చూడమని యాజమాన్యానికి మనవి.